కారు కింద ఏ నలుపు? పాత అంబాసిడర్, పద్మినీల కమాన్లకూ స్ప్రింగులకూ కంపెనీ నాటి పూత తిరిగి తెచ్చే చిట్కాలు

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ వైపు పాత అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో కవర్లు కప్పిన అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు ఇంకా ఉన్నాయి. నాన్న నడిపిన కారును మళ్లీ రోడ్డెక్కించాలనుకునే వాళ్లు బాడీ రంగు సరిగ్గా కుదరడానికి నెలల తరబడి తిరుగుతారు. కింద భాగానికి వచ్చేసరికి మాత్రం ఒక డబ్బా నల్ల రంగు తెచ్చి, కనిపించిన ప్రతి ఇనుప ముక్కకూ కొట్టించేస్తారు. చూడ్డానికి మెరుస్తుంది. కానీ ఆ కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున కింద అలా లేదు. సస్పెన్షన్‌లో ఒక్కో భాగం ఒక్కో పద్ధతిలో తయారై, ఒక్కో పూతతో వచ్చి, చివర్లో ఒకచోట బిగిసింది. ఏది ఎలా వచ్చిందో చెప్పే ఆధారాలు ఆ భాగాల మీదే ఉంటాయి. వర్క్‌షాప్ మాన్యువల్ కొలతలు చెబుతుంది, బిగింపులు చెబుతుంది, పూతల గురించి సాధారణంగా ఏమీ చెప్పదు. సాండ్ బ్లాస్టింగ్‌లో ఒకసారి పోయిన ఆధారం ఇంకెక్కడా దొరకదు. అందుకే ఈ చిట్కాల్లో సగం, రంగు డబ్బా మూత తీయకముందు చేయాల్సినవి.

1. విప్పిన రోజే కడగనివ్వకండి. సామాను కిందికి దించగానే మెకానిక్ చేసే మొదటి పని డీజిల్ పోసి వైర్ బ్రష్‌తో రుద్దడం. ఆ ఒక్కరోజు ఆయన్ని ఆపండి. మడ్డి, ఎండిన గ్రీజు ఉన్నప్పుడే ప్రతి భాగాన్నీ నాలుగు వైపుల నుంచీ ఫోన్‌తో ఫొటోలు తీయండి. పక్కన ఒక తెల్ల కాగితం, ఒక పది రూపాయల బిళ్ల పెడితే రంగునూ సైజునూ తర్వాత పోల్చుకోవచ్చు. ట్యూబ్‌లైట్ కింద కొన్ని, ఎండలో కొన్ని కాకుండా అన్నీ ఒకే వెలుతురులో తీయండి. ఉదయం పూట బాల్కనీ నీడ దీనికి బాగా పనికొస్తుంది. ఎడమ ఏదో కుడి ఏదో రాసిన చీటీని దారంతో ప్రతి ముక్కకూ కట్టండి. ఇంకొక్క మాట: జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకండి, స్టాండ్లు వేయించండి. పద్మినీ ముందు కాయిల్ స్ప్రింగులు విపరీతమైన ఒత్తిడితో నొక్కి కూర్చోబెట్టినవి. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా విప్పితే ప్రాణాల మీదికి వస్తుంది. ఆ పని అనుభవమున్న ఉస్తాద్‌కే వదిలేయండి.

2. అసలు రంగు ఎక్కడ దాక్కుంటుందో అక్కడే వెతకండి. బయటికి కనిపించే ముఖం మీద ఉన్నది ఇరవై ఏళ్ల కిందట ఎవరో కొట్టిన రంగు కావచ్చు. కమాన్ కట్టను (లీఫ్ స్ప్రింగును) యాక్సిల్‌కు బిగించే యూ బోల్ట్ ప్లేటు కింద, వాషర్ వెనక, బ్రాకెట్ లోపలి ముఖం మీద, బుష్ కాలర్ ఆనుకున్న చోట, బంప్ రబ్బరు కూర్చునే గుంటలో గాలి తగలదు, ఆ తర్వాతి పెయింటర్ గన్ కూడా అందదు. ఇంజిన్ ఆయిల్ ఏళ్ల తరబడి కారిన వైపు ఇంకా మంచి చోటు. అంబాసిడర్ యజమానులు విసుక్కునే ఆ కారుడే కింద ఉన్న పూతను తుప్పు నుంచి కాపాడి ఉంటుంది. పాత ఏటీఎం కార్డు అంచుతోనో ఐస్‌క్రీం పుల్లతోనో మడ్డిని నెమ్మదిగా గీకండి. ఇనుప పట్టీ వాడొద్దు. మిగిలిన జిడ్డును పెయింట్ షాపులో దొరికే టర్పెంటైన్‌లో ముంచిన పాత నూలు చీర ముక్కతో తుడవండి.

కింద పూత దొరికాక వెయ్యి నంబర్ వాటర్ పేపర్ తడిపి, రూపాయి బిళ్లంత మేర అంచులు పలచబడేలా తిప్పుతూ అరగదీయండి. ఎన్ని పొరలుంటే అన్ని వలయాలు బయటపడతాయి. ఇనుముకు ఆనుకున్న లోపలి వలయమే మీకు కావలసింది. అది ఎర్రటి ప్రైమరా, నేరుగా నలుపా, బూడిద రంగు ఫాస్ఫేట్ పూతా అన్నది అప్పుడే నోట్‌బుక్‌లో రాసుకోండి. పాత ప్రైమర్లలో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి ఈ అరగదీత ఎప్పుడూ తడిగానే చేయాలి. పొడిగా చేస్తే ఆ దుమ్ము ఇంట్లోకి చేరుతుంది.

3. తెల్ల బట్ట, ఎన్‌సీ తిన్నర్. పూత పాతదా, మధ్యలో ఎవరైనా కొట్టించిందా అన్న అనుమానం వస్తే తెల్ల బట్ట మీద రెండు చుక్కల ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) తిన్నర్ వేసి రుద్దండి. వెంటనే నలుపు కరిగి బట్టకు అంటితే అది గాలికి ఆరే ఎన్‌సీ పెయింట్. బయట షెడ్డులో కొట్టించింది అయ్యే అవకాశమే ఎక్కువ. ఓవెన్‌లో కాల్చిన ఎనామెల్ అంత తేలిగ్గా లొంగదు. ఈ మధ్య కాలపు పీయూ (పాలీయురేథేన్) పెయింట్ అయితే అసలు కదలదు. ఈ ఒక్క పరీక్షతో తీర్పు ఇచ్చేయకండి. రెండో చిట్కాలో రాసుకున్న వలయాలతో కలిపి చూడండి.

4. బోల్ట్ తల ఏం చెబుతుందో చూడండి. బోల్ట్ తల మీదా, దాని కింది బ్రాకెట్ మీదా ఒకే పొర తెగకుండా పరుచుకుని ఉంటే ఆ రెండూ బిగించాక రంగు వేశారన్నమాట. బ్రాకెట్ నల్లగా ఉండి, బోల్ట్ మాత్రం పూతలేకుండానో జింక్ మెరుపుతోనో ఉంటే విడివిడిగా పూత వేశాకే బిగించారు. వాషర్ తీసినప్పుడు కింద రంగు ఉందా లేదా అన్నది ఇదే సంగతిని ఇంకోవైపు నుంచి రుజువు చేస్తుంది. బాడీ రంగు, అంటే తెలుపో నీలమో, కమాన్ల మీద తుంపర్లుగా కనిపిస్తే అది ఫ్యాక్టరీది అనుకోవడానికి లేదు. బాడీకి రంగు పూర్తయ్యాకే సస్పెన్షన్ బిగిస్తారు. ఆ తుంపర ఆ తర్వాతెప్పుడో సామాను విప్పకుండా బాడీకి రంగు కొట్టించినప్పటిది.

5. ముక్క ఎలా తయారైందో తెలిస్తే పూత సగం తెలిసినట్టే. ఆధారం పూర్తిగా చెరిగిపోయిన చోట ఈ పద్ధతే దిక్కు. ఆ కాలపు కార్ల ఫ్యాక్టరీల్లో డబ్బు దండగయ్యే పని ఎవరూ చేయలేదు. రేకు నొక్కి చేసిన ఆర్మ్‌లు, క్రాస్ మెంబర్లు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి వాటిని నల్ల రంగు తొట్టిలో ముంచి తీసేవారు. వేలాడదీసిన కొక్కెం గుర్తు ఒకవైపు, కారి గడ్డకట్టిన చుక్కలు ఇంకోవైపు కనిపించేది అందుకే. ఆ నలుపు అద్దంలా మెరవదు, బొగ్గులా చావదు. ఆ రెంటికీ మధ్యలో ఉంటుంది.

స్టబ్ యాక్సిల్, టై రాడ్ చివర్లు, స్టీరింగ్ ఆర్మ్ లాంటివి ఫోర్జింగ్‌లు. ఎర్రగా కాల్చి సుత్తి పోటుతో ఆకారం తెచ్చినవి. వాటి మీద ముదురు బూడిద రంగు పొర సహజంగానే ఉంటుంది. చాలా ఫ్యాక్టరీలు వాటిని అలాగే వదిలేసేవి, లేదా పలచగా నూనె పట్టించేవి. లేత్ మీద తిప్పిన ముఖాలు మాత్రం తెల్లగా, పూతలేకుండా ఉంటాయి. బ్రేక్ డ్రమ్ములు పోత ఇనుము, గరుకు ముఖం. నట్లు, బోల్ట్‌లు ఎక్కువగా ఫాస్ఫేట్ చేసి నూనెలో ముంచినవి. వాటి నలుపు రంగు వేసిన నలుపు కాదు, ముదురు బూడిద. కొన్ని జింక్ లేదా కాడ్మియం పూతవి. కాడ్మియం విషం కాబట్టి పాత బోల్ట్‌ల మెరుపు పూతను పొడిగా అరగదీయొద్దు.

ఇవి ఆ రోజుల సాధారణ అలవాట్లు మాత్రమే. మీ కారు మీద వేరే ఆధారం దొరికితే దాని మాటే చెల్లుతుంది. అంబాసిడర్ 1957 నుంచి 2014 మే దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైంది. అంత పొడవైన కాలంలో విడిభాగాలు ఇచ్చేవాళ్లు మారారు, పూతలూ మారాయి. మలక్‌పేటలో ఒకరి మార్క్ 2 చూసి వనస్థలిపురంలో మీ మార్క్ 4కు అదే రంగు వేయడం పొరపాటు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం వారి పసుపు రోల్స్ రాయిస్‌ను కూడా కొలమానంగా తీసుకోవద్దు. అది ఒక ప్రభువు కోసం చేతిపనితో కట్టిన బండి, మీది లైన్ మీద వేలల్లో వచ్చినది.

6. అంబాసిడర్ టార్షన్ బార్‌ను పసిబిడ్డలా పట్టుకోండి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన ఈ కారుకు ముందు వైపు కాయిల్ స్ప్రింగులు లేవు. పొడవాటి ఉక్కు కడ్డీ మెలి తిరుగుతూ బరువు మోస్తుంది. అలా మెలి తిరిగే కడ్డీ మీద చిన్న గీత పడినా బలమంతా ఆ గీత దగ్గరే పేరుకుని, అక్కడి నుంచి పగులు మొదలవుతుంది. కాబట్టి దాని మీద సుత్తి దెబ్బ పడకూడదు. వైస్‌లో నేరుగా బిగించకూడదు. గ్రైండర్, వైర్ వీల్ దగ్గరికి రానివ్వకూడదు. వెల్డింగ్ నిప్పురవ్వ కూడా తగలకూడదు. పాత రంగు తీయాలంటే రసాయన పెయింట్ రిమూవర్ పూసి, చెక్క పుల్లతో లాగేయండి. నున్నటి కడ్డీ మీద మంచి పూత ఉండడం ఇక్కడ అందం కోసం కాదు. తుప్పు గుంట కూడా గీతతో సమానమే. ప్రైమర్, నలుపు పలచగా, ఎక్కడా ఖాళీ లేకుండా పడాలి. చివర్ల పళ్ల మీద మాత్రం రంగు వద్దు, గ్రీజు చాలు. ఎడమదీ కుడిదీ ఒకేలా కనిపించినా తారుమారు చేయొద్దు. ఒక్కో బార్ ఒకే దిక్కుకు మెలి తిరిగేలా ముందే సిద్ధమైంది. కొసన కొట్టిన అక్షరమో గుర్తో రంగు కింద మునిగిపోకుండా చూడండి.

7. కాయిల్ స్ప్రింగు మీది రంగు గీతలను చెరపొద్దు. మురికి కింద పసుపో పచ్చో తెల్లదో గీత కనిపిస్తే అది ఎవరో చిందించిన రంగు అనుకుని తుడిచేస్తారు. స్ప్రింగులను ఫ్యాక్టరీలో బరువు పెట్టి పరీక్షించి, ఏది ఎంత నొక్కుకుంటుందో దాన్ని బట్టి వర్గాలు చేసి గీతలు పెట్టేవారు. ఫియట్ 124లో పసుపు, పచ్చ అని రెండు వర్గాలుండేవి. రెండు వైపులా ఒకే వర్గం స్ప్రింగులు వేయాలన్నది నియమం. ఆ 124 బాడీతోనే 1985లో మన దగ్గరికి ప్రీమియర్ 118 ఎన్‌ఈ వచ్చింది. కాబట్టి ఆ కారున్నవాళ్లు మరింత జాగ్రత్తగా చూడాలి. గీత ఎన్నో చుట్టు మీద ఉంది, ఎంత వెడల్పు, చేత్తో గీసిందా అన్నవి కొలిచి రాసుకోండి. కొత్త నలుపు ఆరాక అదే చోట చిన్న బ్రష్‌తో తిరిగి పెట్టండి. స్కేలు పెట్టి తిన్నగా గీయకండి. ఫ్యాక్టరీలో ఆ గీత పెట్టిన మనిషికి అంత తీరిక ఉండి ఉండదు. నట్ల మీద తనిఖీ చేసినవాళ్లు వేసిన రంగు చుక్కల విషయమూ ఇంతే.

8. కమాన్ కట్టలు ఆటోనగర్‌కు పంపేటప్పుడు ముందే చెప్పండి. విజయవాడ హైవే మీద వనస్థలిపురం దాటాక వచ్చే ఆటోనగర్‌లో లారీల పని బాగా తెలిసినవాళ్లు ఉన్నారు. కమాన్ విరిగినా, వంపు పోయినా సరిచేసే చెయ్యి వాళ్లది. అయితే లారీ కమాన్లకు పని అయ్యాక వెండి రంగో ఎరుపో కొట్టి ఇవ్వడం అక్కడ మర్యాద. మీరు చెప్పకపోతే మీ పద్మినీకీ అదే మర్యాద జరుగుతుంది. ‘రంగు వద్దు అన్నా, నూనె రాసి ఇవ్వు చాలు’ అని ముందే చెప్పి, చీటీ కూడా రాసి కట్టండి.

పట్టాలు విప్పాక ఒకదానికొకటి ఆనే ముఖాలకు దట్టంగా రంగు వేయకండి. ఆ ముఖాలు కదిలినప్పుడల్లా రంగు పొడై రాలుతుంది. మధ్యలో మందం తగ్గి సెంటర్ బోల్ట్, యూ బోల్ట్‌లు వదులవుతాయి. అక్కడ గ్రాఫైట్ గ్రీజు పలచగా పూయాలి. బయటి అంచులకే నలుపు. పట్టా మీద కొట్టిన నంబరు, తయారీదారు గుర్తు కనిపిస్తే లప్పం పెట్టి నున్నగా చేయకండి. కమాన్ల మీద లప్పానికి ఎక్కడా చోటు లేదు.

9. వంటింటి నిమ్మ ఉప్పు పనికొస్తుంది, అన్నింటికీ కాదు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు లీటరు నీళ్లకు యాభై గ్రాములు కలిపి, బ్రాకెట్లు, ప్లేట్లు, వాషర్ల లాంటి మామూలు ఇనుప ముక్కలను కొన్ని గంటలు నానబెడితే తుప్పు మెత్తబడి బ్రష్‌కు వచ్చేస్తుంది. రాత్రంతా మరిచిపోతే మంచి ఇనుమును కూడా తినేస్తుంది. తీశాక వంట సోడా నీళ్లలో ముంచి, కడిగి, వెంటనే హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టండి.

కాయిల్ స్ప్రింగులు, కమాన్ పట్టాలు, టార్షన్ బార్లు, గట్టి ఉక్కు బోల్ట్‌లను మాత్రం ఏ ఆమ్లంలోనూ ముంచకండి. చాకలి సోడా, బ్యాటరీ చార్జర్‌తో తుప్పు తీసే కరెంటు పద్ధతీ వద్దు. ఆ చర్యలో పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరి, దాన్ని పెళుసుగా మారుస్తుంది. పైకి ఏమీ కనిపించదు. బిగించి బరువు పెట్టాక, కొన్ని రోజులకు ఒక్కసారిగా విరుగుతుంది. ఇదే కారణంతో స్ప్రింగులను క్రోమ్, జింక్ ప్లేటింగ్‌కు ఇవ్వొద్దు. ప్లేటింగ్ చేశాక గంటల తరబడి రెండు వందల డిగ్రీల దగ్గర వేడి చేసి హైడ్రోజన్‌ను బయటికి పంపే పద్ధతి ఉంది. చిన్న షాపుల్లో అది చేస్తారన్న నమ్మకం పెట్టుకోలేం. స్ప్రింగుకు క్రోమ్ ఫ్యాక్టరీ పూతా కాదు, క్షేమమూ కాదు.

10. రంగుకు ముందు సుద్దముక్క పరీక్ష. పాత స్టబ్ యాక్సిల్, స్టీరింగ్ ఆర్మ్ మీద వెంట్రుకంత పగులు ఉంటే కొత్త రంగు దాన్ని కప్పేస్తుంది, తర్వాత ఎవరికీ కనిపించదు. శుభ్రం చేసిన భాగాన్ని కొన్ని గంటలు డీజిల్‌లో నానబెట్టి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, పైన సుద్దపొడి పలచగా చల్లండి. పగులు ఉంటే లోపల దూరిన డీజిల్ పైకి వచ్చి, తెల్లటి సుద్ద మీద సన్నటి తడి గీతగా కనిపిస్తుంది. రైల్వే వర్క్‌షాపుల్లో వెనకటికి ఇలాంటి పద్ధతినే నమ్ముకునేవారు. ఇప్పుడు ఎర్రటి ద్రవం, తెల్లటి డెవలపర్‌తో డై పెనెట్రంట్ కిట్లు వచ్చాయి. అవి ఇంకా సన్నటి పగుళ్లు పట్టిస్తాయి. అనుమానపు గీత కనిపించిన ముక్కను వెల్డింగ్ చేయించకండి. పక్కన పెట్టేసి వేరేది వెతకండి.

11. బోరు నీళ్లతో చివరి కడుగుడు వద్దు. మన వైపు బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. బకెట్ అంచున పేరుకునే తెల్లటి చారే సాక్షి. ఆ ఉప్పు ఇనుము మీద మిగిలి, పైన రంగు పడితే, వానాకాలంలో తేమను లోపలికి లాగి బుడగలు లేపుతుంది. నల్లా నీళ్లతో కడిగి, ఆఖరున పెట్రోల్ బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి తుడవండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

12. మెరుపు ఎంత అన్నది డబ్బా చూసి కాదు, రేకు ముక్క చూసి తేల్చండి. పాత నూనె డబ్బా రేకును నాలుగు ముక్కలు కోసి, గ్లాసీ నలుపులో మ్యాటింగ్ పేస్టు నాలుగు పాళ్లలో కలిపించి, ఒక్కో ముక్కకు ఒక్కోటి కొట్టించండి. వెనక పాళ్లు రాయండి. పూర్తిగా ఆరాక మీరు కాపాడిన పాత పూత పక్కన పెట్టి, ఎండలోనూ నీడలోనూ చూడండి. తడిగా ఉన్నప్పుడు ఏ నలుపైనా మెరుస్తుంది కాబట్టి ఆ రోజే నిర్ణయించకండి. పెయింట్ కంపెనీలు మెరుపును 60 డిగ్రీల కోణంలో గ్లాస్ యూనిట్లలో కొలుస్తాయి. 70 దాటితే అది బాగా మెరిసే రకం, 10 కన్నా తక్కువైతే మ్యాట్ రకం. సస్పెన్షన్ నలుపు ఈ రెంటి మధ్యన ఎక్కడ నిలుస్తుందో మీ పాత ముక్కే చెప్పాలి. బ్రష్‌తో వేసినా తప్పు లేదు. పలచగా రెండు చేతులు వేస్తే సింథటిక్ ఎనామెల్ బాగా పరుచుకుంటుంది.

13. పౌడర్ కోటింగ్ గురించి. అందరూ దీన్నే సలహా ఇస్తారు. గట్టిది, నిజమే. దాదాపు 180, 200 డిగ్రీల మధ్య కాలుస్తారు కాబట్టి బుష్‌లు, బాల్ జాయింట్లు, గ్రీజు సీళ్లు ఉన్న భాగాన్ని అలాగే ఇస్తే అవి పోతాయి. దాని మందం సాధారణంగా 60 మైక్రాన్లకు పైనే ఉంటుంది. పాత తొట్టి రంగు దీనికన్నా చాలా పలచన. దాంతో అంచులు గుండ్రంగా, ప్లాస్టిక్ తొడిగినట్టు కనిపిస్తాయి. కొట్టిన నంబర్లు పూడుకుపోతాయి. బోల్ట్ బిగిసే ముఖం మీద ఆ మందం క్రమంగా నలిగి, బిగింపు సడలుతుంది. రాయి తగిలి ఒకచోట ఊడితే కింద తుప్పు కనిపించకుండా పాకుతుంది. రోజూ ఆఫీసుకు తిప్పే బండికి ఎవరి ఇష్టం వాళ్లది. కంపెనీ నాటి రూపం కావాలనుకున్న కారుకు నేను ఒప్పుకోను.

14. మాస్కింగ్: లేత్ ముఖాలు, మరలు, బాల్ జాయింట్ కూర్చునే ఏటవాలు రంధ్రం, బుష్ కన్ను లోపలి గోడ, గ్రీజు నిపుల్ రంధ్రం. ఈ ఐదింటికీ టేపు వేయందే గన్ ఎత్తనివ్వకండి.

15. సెల్లార్లో స్ప్రే కొట్టించకండి. రెండు డబ్బాలు కలిపి వేసే పీయూ పెయింట్ల హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసం తెప్పిస్తాయి, గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు వాటిని ఆపలేవు. తిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు. సెల్లార్ కిందికే దిగి నిలిచిపోతుంది. అక్కడే కరెంటు మీటర్ల బోర్డు, లిఫ్ట్ మోటారు, బోరు స్టార్టర్ ఉంటాయి. ఒక్క నిప్పురవ్వ చాలు. పైన పిల్లలు, పెద్దవాళ్లు పడుకుని ఉంటారు. స్ప్రే పని షెడ్డుకే పంపండి. ఇంట్లో చేయాలంటే మిద్దె మీద బ్రష్ పని చేసుకోండి. పాత బ్రేక్ లైనింగుల దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, దాన్ని గాలి కొట్టి ఎగరగొట్టనివ్వకండి. తడిగుడ్డతో తుడిచి, కవర్లో మూట కట్టి పారేయండి.

16. కార్తెలు చూసుకుని రంగు పెట్టండి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో తిన్నర్ గాల్లోనే ఎగిరిపోయి, రంగు ఇసుకలా రాలుతుంది. ఇనుము చేయి పెట్టలేనంత కాలి ఉంటుంది. మృగశిర దాటి వానలు పడ్డాక ఎన్‌సీ పెయింట్ మీద తెల్లటి మంచు లాంటి మసక వస్తుంది. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజున పని ఆపేయడమే మంచిది. లోహం వేడి, మంచు కురిసే ఉష్ణోగ్రత కన్నా కనీసం మూడు డిగ్రీలు పైన ఉండాలన్నది పెయింటర్లు పాటించే లెక్క. హైదరాబాద్‌లో సంక్రాంతి తర్వాత నుంచి మార్చి దాకా, పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు మధ్య, ఈ షరతులన్నీ హాయిగా కుదురుతాయి.

17. వరదలో మునిగిన కారైతే లెక్క వేరు. 2020 అక్టోబర్ 13 రాత్రి వానకు సరూర్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు నీట మునిగి, పార్కింగ్‌లో కార్లు పైకప్పు దాకా నానాయి. అలాంటి కారులో కమాన్ పట్టాల మధ్య, పెట్టెలాంటి క్రాస్ మెంబర్ లోపల, బంప్ స్టాప్ గుంటల్లో ఒండ్రు ఇప్పటికీ ఉంటుంది. పైన ఎంత మంచి రంగు వేసినా లోపలి నుంచి తింటూ వస్తుంది. ముందు లోపలి మట్టి మొత్తం కడిగి తీసి, వారం ఎండబెట్టి, మూసుకున్న భాగాల్లోకి మైనపు రస్ట్ ప్రూఫ్ స్ప్రే పంపి, ఆ తర్వాతే బయటి పూత సంగతి చూడండి.

18. పూతలేని భాగాలను పూతలేకుండానే ఉంచడం ఎలా? ఫోర్జింగ్‌లకు నల్ల రంగు కొట్టేస్తే సులువు, కానీ అది అబద్ధమవుతుంది. శుభ్రం చేసి, ఫాస్ఫేట్ ద్రవం పూసి, ఆరాక పలచటి మైనపు పూత ఇస్తే బూడిద రంగు అలాగే నిలుస్తుంది. కొందరు మ్యాట్ క్లియర్ కోటు వేస్తారు, అదీ బాగుంటుంది. ఆర్నెల్లకోసారి గుడ్డతో తుడిచి మళ్లీ మైనం రాయండి. వంటనూనె, కొబ్బరి నూనె వద్దు. మక్కి, జిగటై, దుమ్ము పడతాయి.

19. మార్చిన సామాను సంగతి. యాభై ఏళ్ల కారులో షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు ఎన్నోసార్లు మారి ఉంటాయి. ఇప్పుడున్నది అసలుది కాదని తెలిస్తే ఆ విషయం నోట్‌బుక్‌లో ఒప్పుకోలుగా రాయండి. గోషామహల్ పాత సామాన్ల బజారులో ఆ కాలపుది దొరికితే తెచ్చుకోండి. దొరక్కపోతే కొత్తదానికి పాత రూపం ఇవ్వండి. అసలు పూత ముప్పావు వంతు మిగిలిన ముక్క చేతికి వస్తే మాత్రం దానికి మళ్లీ రంగు వేయొద్దని బతిమాలుతున్నాను. శుభ్రం చేసి, మైనం పట్టించి అలాగే బిగించండి. పాత వాహనాల అంతర్జాతీయ సంఘం ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కూడా, బాగుచేసి కొత్తది చేయడం కన్నా ఉన్నదాన్ని కాపాడడానికే పెద్దపీట వేస్తుంది.

మన దగ్గర 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ తెచ్చిన నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు జరగని వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, తర్వాత తిరిగి నమోదుకు 5,000. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. రోజువారీ తిరుగుడుకూ కిరాయికీ అలాంటి కారును వాడకూడదు. కమాన్ల రంగు గురించి ఆ నియమాల్లో ఏమీ లేకపోయినా, మీరు తీసిన ఫొటోలు, రాసుకున్న నోట్‌బుక్ కారు అసలు రూపాన్ని చూపించేటప్పుడు చేతిలో ఉంటే మంచిది.

20. తిరిగి బిగించేటప్పుడు. రబ్బరు బుష్‌లకు రంగు వద్దు, మినరల్ గ్రీజు కూడా వద్దు. సబ్బు నీళ్లతో జార్చి ఎక్కించండి. బుష్ బోల్ట్‌లను కారు గాల్లో ఉన్నప్పుడు చేతి బిగువుతో ఆపి, చక్రాల మీద దించాకే పూర్తిగా బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉండి త్వరగా చీలుతుంది. స్పానర్ తగిలి బోల్ట్ తల మీద రంగు లేచిన చోట మళ్లీ బ్రష్ పెట్టాలన్న తొందర వద్దు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బోల్ట్‌ల మీదా ఆ గాట్లు ఉండేవి. సాగర్ రింగ్ రోడ్డు మీదుగా రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పాక యూ బోల్ట్‌లను టార్క్ రెంచ్‌తో ఇంకోసారి చూసి, సడలిన వాటిని మాన్యువల్ చెప్పిన లెక్కకు బిగించి, గ్రీజు నిపుల్ ప్రతిదానికీ గన్ పెట్టండి.